గుంపులోంచి ఒక పేరు

అష్టబులా, ఒహాయో
2018 ఆగస్టు 14

ఒరే డెల్మర్,

ఫోను చేయకుండా కాగితం పట్టుకున్నానేంటా అనుకుంటున్నావేమో. ఫోనులో నేను రెండు మాటలు అనేలోపు నువ్వు మూడు జోకులేస్తావు. నేను నవ్వేసి అసలు సంగతి మర్చిపోతాను. కాగితం మీదైతే నా మాటకి అడ్డు రాలేవు. పైగా ఇనపరాయి మోసే ఓడలో వంటవాడివి, ఇప్పుడు ఏ సరస్సు నడిమధ్య ఉన్నావో, ఎవరికి బంగాళాదుంపలు ఒలుస్తున్నావో నాకేం తెలుసు.

మీ బావ వెండెల్ పోయి ఐదు నెలలు నిండాయి. షెడ్డులో ఇంకా పదకొండు గడ్డి కోసే మెషీన్లున్నాయి, ఆయన బాగుచేస్తానని తీసుకున్నవి. పట్టుకెళ్ళండని నేను చెప్పలేను, ఇచ్చెయ్యమని వాళ్ళు అడగలేరు. ఊళ్ళో సగం ఇళ్ళ ముందు గడ్డి మోకాలెత్తు పెరిగింది. వెండెల్ చూస్తే తనదే తప్పన్నట్టు తలొంచుకుని నడిచేవాడు.

సరే, విషయానికొస్తా. నిన్న ఒక కార్డు వచ్చింది. ఒకవైపు కోర్టు పేరు, నా పేరు కింద ఇంత పొడుగు నెంబరు. ఇది ప్రకటన కాదు, కోర్టు ఆజ్ఞ మీద పంపిన నోటీసు అని మొదటి ముక్క. రెండేళ్ళ కిందట శీతాకాలంలో మా టాక్సు కాగితాలు నువ్వు కంప్యూటర్లో నింపావు చూడు, పెట్టె మీద ఉడత బొమ్మ ఉన్న కంపెనీది, ఆ కంపెనీ మీద జనమందరి తరఫునా కలిపి ఒకే దావా వేశారట. ఆ ప్రోగ్రాం ఇన్సూరెన్సు ఫారం ఒకదాన్ని మింగేసి మిగతావి మాత్రం ప్రభుత్వానికి పంపిందట. అలా ఫారం పోయినవాళ్ళందరూ, అడిగినా అడక్కపోయినా, ఆ దావాలో ఉన్నట్టే. ఊరుకుంటే వాళ్ళిచ్చే పరిహారానికి ఒప్పుకున్నట్టు లెక్క, ఆ తర్వాత సొంతంగా కోర్టుకెళ్ళే హక్కుండదు. గుంపులో ఉండటం ఇష్టం లేనివాళ్ళు అక్టోబరు ఐదులోగా ఉత్తరం రాసి బయటికి రావాలి. అదీ సంగతి. మూడుసార్లు చదివాను.

ఇప్పుడు చెప్పు. ఇది నీ పనేనా?

నీ చరిత్ర తెలిసినదాన్ని కాబట్టి అడుగుతున్నా. ‘ఒహాయో రాష్ట్ర పెద్దబాతుల శాఖ’ నుంచి నువ్వు పంపిన నోటీసు నేను మర్చిపోలేదు. మా పెరట్లో వాలే బాతులు ఒక్కోదానికి పన్ను కట్టాలని. పాపం మీ బావ చీపురు పట్టుకుని రెండ్రోజులు లెక్కపెట్టాడు. నేను ఆ కాగితం పట్టుకుని టౌను ఆఫీసుకి వెళ్ళి గుమాస్తాతో పోట్లాడాను. ఆ గుమాస్తా ఇప్పటికీ నన్ను కొట్లో చూస్తే బాతులా కూస్తాడు. అందుకే ఈ కార్డు ఎవరికీ చూపించలేదు. ముందు నిన్నే అడుగుతున్నా.

నిజమైనదైతే నాకు దానితో పనుంది. ఆ ఫారం అందలేదనే కదా, మరుసటి జనవరిలో ప్రభుత్వం మా ఇన్సూరెన్సుకి ఇచ్చే సాయం ఆపేసింది. నెలకి నూట పది డాలర్లు కట్టేవాళ్ళం, పదకొండు వందలు కట్టమన్నారు. ‘చలి తగ్గి పని మొదలవ్వనీ, మళ్ళీ కడదాం’ అని మీ బావ మానేశాడు. పని మొదలైంది, దాంతోపాటే కడుపునొప్పీ మొదలైంది. ఇన్సూరెన్సు లేదని డాక్టరు దగ్గరికి పోకుండా కొట్లో అమ్మే కడుపుమంట సుద్దమాత్రలు నమిలాడు. డిసెంబరులో తీసుకెళ్తే, ‘ఆరు నెలల ముందు వచ్చుంటే’ అని డాక్టరమ్మ మాట మధ్యలో ఆపేసింది.

నాకు వాళ్ళ పరిహారం అక్కర్లేదు. ఆ గుంపులోంచి బయటికొచ్చి, కంపెనీవాళ్ళని ఒక గదిలో కూర్చోబెట్టి, వెండెల్ స్టకీ అని ఒక మనిషుండేవాడు, ఆయనకి మీరేం చేశారో తెలుసా అని అడగాలి. ఒక్కసారి వాళ్ళు ఆ పేరు వినాలి. అంతే.

కాబట్టి నిజం చెప్పు. నీ పనైతే ఈసారి నవ్వను.

మీ అక్క,
ఒలీటా


డెట్రాయిట్ నది మీద
ఆగస్టు 23

అక్కా,

నీ ఉత్తరం ఇవాళ బకెట్టెక్కి వచ్చింది. టపా పడవ పక్కకి రాగానే తాడు కట్టిన బకెట్టు దించుతాం కదా, అందులో ఇంజను గది పెద్దాయన పళ్ళసెట్టుకి అంటించుకునే జిగురు, రెండు చేపల గాలాల పుస్తకాలు, నీ ఉత్తరం. జిగురు చూసినంత ఆనందంగా ఆయన నేను కాల్చిన యాపిల్ రొట్టెని ఎప్పుడూ చూడలేదు. నిన్న ఒక ముక్క కొరికి, ‘ఒరే టాకెట్, ఇది పిండేనా, ఓడకి పూసే రంగా’ అన్నాడు. ‘మీ ఆవిడే ఎలా చెయ్యాలో రాసి పంపింది సార్, మీకు ఇంటి బెంగ పోవాలని’ అన్నాను. బల్ల చుట్టూ ఉన్న పదిమందీ స్పూన్లు వదిలేసి నవ్వారు. ఆయనా నవ్వాడు, పళ్ళసెట్టు ఊడింది.

ఇంక నీ కార్డు సంగతి. దాచడమెందుకు, నేనే. డులూత్‌లో రేవు దగ్గర ఒక ప్రింటింగు షాపుంది, వాడికి ఒక కాలు కురచ, పేరు గుర్తులేదు. వాడిచేత కోర్టు ముద్ర వేయించాను. ఆ పొడుగు నెంబరుంది చూడు, అది మన ఓడ రిజిస్టరు నెంబరుకి మన పాత ఇంటి ఫోను నెంబరు అతికించి పెట్టింది. తారీకు కూడా ఊరికే పెట్టాను, అక్టోబరు ఐదు. కార్డు మంచి మందంగా ఉండాలని రెండు డాలర్లు ఎక్కువిచ్చాను.

జూన్‌లో ఆర్డరిచ్చానక్కా. నువ్వు కొంచెం నవ్వుతావనుకున్నాను. బావ పోయిన ఏడాదిలో ఇలాంటి పని చేయకూడదని తెలీని గాడిదని. తిట్టు. ఆ కార్డు చెత్త పీపాలో వేసి కాల్చెయ్యి. ఎవరికీ చూపించకు, మళ్ళీ ఆ బాతు గుమాస్తా చేతిలో పడతావు.

జనవరిలో ఓడ కట్టేశాక ఎప్పట్లా వస్తాను. మేడ మీద గది దులిపి ఉంచు. ఆ పదకొండు మెషీన్లూ నేనే ఇళ్ళకి తోలిస్తాను.

నీ తమ్ముడు,
డెల్మర్


అష్టబులా
సెప్టెంబరు 6

డెల్మర్,

కాల్చేశాను.

తిట్టమన్నావు. తిట్టడానికి ఓపిక లేదు. కార్డు వచ్చిన రోజునుంచీ నీ జవాబు వచ్చేదాకా, ఆ పద్ధెనిమిది రోజులూ ఎలా ఉన్నానో చెప్తాను, అది చాలు నీకు. నీలం గౌను బయటికి తీసి నడుము దగ్గర కుట్టు విప్పి చిన్నది చేసుకున్నాను. లాండ్రీ షాపులో ఊళ్ళోవాళ్ళందరి గౌన్లూ సరిచేస్తాను గానీ నాది చేసుకుని ఎన్నేళ్ళయిందో. కోర్టుకి వేసుకెళ్దామని. ఏం మాట్లాడాలో అద్దం ముందు చెప్పుకున్నాను. ముందు పేరు చెప్పాలా, ముందు జరిగింది చెప్పాలా అని ఆలోచించాను. ఎవరో ఒకరు నన్ను ఏం జరిగిందమ్మా అని అడుగుతారని పద్ధెనిమిది రోజులు నమ్మాను.

నీతో ఒక మాట ఎప్పుడూ చెప్పలేదు. మీ బావ ఆస్పత్రిలో ఉన్నప్పుడు నేను ఒకసారి నోరు జారాను, ‘ఆ ఫారాలు నింపింది డెల్మరే కదా’ అని. ఆయనకి కోపం రావడం నువ్వెప్పుడైనా చూశావా? నేను అప్పుడు చూశాను. ‘వాడేం చేస్తాడు, అడిగినవన్నీ నొక్కాడు. మెషీను తప్పు మెషీనుదే. పుట్టి బుద్ధెరిగాక మెషీన్ల మధ్యే బతికాను, నాకు తెలీదా’ అన్నాడు. ఆ రోజు ఆయన తిన్నది రెండు చెంచాల ఆపిల్ గుజ్జు. అది కూడా నిన్ను వెనకేసుకొచ్చాకే తిన్నాడు.

అందుకే తిట్టట్లేదు.

ఒలీటా


మార్క్వెట్ రేవు, మిషిగన్
సెప్టెంబరు 29

అక్కా,

ఇక్కడ రాయి ఎక్కిస్తున్నారు. గాలి ఎక్కువగా ఉంది. శుక్రవారం చేపలు వేయించాను, అందరూ బాగున్నాయన్నారు. ఇంజను గది పెద్దాయన కూడా ఏమీ అనలేదు.

నీ ఉత్తరం జేబులోనే ఉంది. బావ అన్న మాట చదివాను.

ఆ కార్డు మొత్తం కాల్చేశావా? ఏమీ మిగల్లేదా? ఊరికే అడుగుతున్నా.

ఒడ్డున ఎర్రగీతల రాళ్ళు దొరికితే నాలుగు ఏరాను, ఇందులో పెట్టి పంపుతున్నా. కిటికీలో పెట్టుకో. నీకు ఇంకో సంగతి రాద్దామనుకున్నాను గానీ పోస్టు తీసుకెళ్ళేవాడు వచ్చేశాడు.

డెల్మర్


అష్టబులా
నవంబరు 9

డెల్మర్ టాకెట్ గారికి,

మీరు పంపిన రాళ్ళు అందాయి.

పోయిన శుక్రవారం చర్చిలో చేపల విందు. పక్కింటి అయోనీ నా ఎదురుగా కూర్చుంది. తిన్నాక సంచీలోంచి ఒక కార్డు తీసి, ‘ఒలీటా, నీకూ ఇది వచ్చిందా, మా ఆయన చెత్తనుకుని పారేయబోయాడు’ అంది. ఒకవైపు కోర్టు పేరు. పొడుగు నెంబరు. అక్టోబరు ఐదు. వాళ్ళ కార్డు కూడా మీరే అచ్చు వేయించారా?

సోమవారం లైబ్రరీకి వెళ్ళాను. అక్కడి అమ్మాయి కంప్యూటర్లో చూపించింది. కోర్టు నిజం, దావా నిజం, తారీకు నిజం. అందులో ఉన్న నెంబరుకి ఫోను చేస్తే గుంపు తరఫు లాయరమ్మ తీసింది. నా పేరు చూసి, మీరు గుంపులోనే ఉన్నారు, ఏమీ రాయలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే, మీ వాటాకి ముప్ఫై ఒక్క డాలర్లు వస్తాయి అంది. గడువులోగా ఎందుకు రాయలేదని అడిగింది. అది అబద్ధపు కార్డని, తనే పంపానని మా తమ్ముడు చెప్పాడని అన్నాను. ఆవిడ, ‘మీ తమ్ముడు అలా ఎందుకన్నాడు’ అంది.

నాకు తెలీదని చెప్పాను.

ఆవిడ అడిగిన ప్రశ్నే మిమ్మల్ని అడుగుతున్నాను. ఒక్క జోకు రాసినా మిగతాది చదవను.

ఒలీటా స్టకీ


డులూత్
నవంబరు 20

అక్కా,

నన్ను ‘మీరు’ అనకు. అంటే అను. అనడానికి నీకు హక్కుంది.

కార్డు నేను పంపలేదు. ప్రింటింగు షాపూ లేదు, కురచకాలువాడూ లేడు. నువ్వు అడిగిన రోజే అది నిజమైనదని నాకు తెలుసు. నాకూ ఒకటి వచ్చింది, నా టాక్సు కూడా ఆ ఉడత పెట్టెతోనే చేశాను కదా.

ఎందుకన్నానో రాస్తాను. ఇది నాలుగోసారి రాయడం, మూడు చించేశాను.

ఆ ఏడాది నీ కాగితాలు నింపేటప్పుడు ఈమెయిలు ఎక్కడికి పంపాలని అడిగింది ప్రోగ్రాం. నీకూ బావకీ ఈమెయిల్లేదు. నాది పెట్టాను. మే నెలలో ఓడ సూ లాకుల్లో, ఒక సరస్సులోంచి ఇంకోదాంట్లోకి ఓడల్ని పైకెత్తే గేట్ల మధ్య, నీళ్ళు ఎక్కేదాకా ఆగింది. అక్కడొక్కచోటే మాకు ఫోన్లు పలుకుతాయి. అప్పుడొచ్చింది. ఉడత కంపెనీనుంచి. ‘ప్రియమైన ఒలీటా మరియు వెండెల్, మీ రిటర్నులో ఒక ఫారం వెళ్ళలేదు, సరిచేయడానికి ముప్ఫై రోజుల్లో ఇక్కడ నొక్కండి’ అని.

అక్కా, ముప్ఫై ఏళ్ళుగా దొంగ ఉత్తరాలు రాస్తున్నవాణ్ణి. నన్నెవడూ మోసం చేయలేడని నాకు పొగరు. ‘ఇక్కడ నొక్కండి’ అని చూడగానే ఇది డబ్బులు గుంజేవాళ్ళ పని, నా దగ్గరా వీళ్ళ వేషాలు అనుకున్నాను. భోజనాల గదిలో బల్ల ఎక్కి, పళ్ళు బయటపెట్టి, ఉడత గొంతుతో ఆ మెయిలు అందరికీ చదివి వినిపించాను. ‘ప్రియమైన ఒలీటా మరియు వెండెల్’ అని. అందరూ పడీపడీ నవ్వారు. ఇంకోసారి చదవమన్నారు. ఇంకోసారి చదివాను. తర్వాత తుడిచేశాను.

మరుసటి జనవరిలో మీ ఇంటికొచ్చినప్పుడు, పదకొండు వందలు కట్టమన్న కాగితం బావ నాకు చూపించాడు. వంటింటి బల్ల దగ్గర. నువ్వు గిన్నెలు తోముతున్నావు. నాకు అప్పుడే తెలిసిపోయింది. కుర్చీలో కూర్చుని ఉండగానే తెలిసిపోయింది. ‘దీనికేమైనా చేయొచ్చా’ అని అడిగాడు బావ. చూద్దాం అన్నాను. తర్వాత ఏదో జోకేశాను, ఏమన్నానో గుర్తులేదు, బావ నవ్వాడు. అప్పుడు చెప్పినా సరిచేసేవాళ్ళేమో. కట్టాల్సింది నేను కట్టినా సరిపోయేది, నా దగ్గర ఉంది కూడా. కడితే ఎందుకు కడుతున్నావని అడుగుతారు కదా. చూద్దాం అన్నాను, అంతే. తర్వాత కడుపునొప్పి అన్నారు. ఓడ మీ రేవుకొచ్చినప్పుడు సుద్దమాత్రలు నేనే తెచ్చిచ్చాను ఒకసారి, పుదీనా రుచివి.

నువ్వు గుంపులోంచి బయటికొచ్చి కోర్టుకెక్కితే కంపెనీ లాయరు మొట్టమొదట బయటికి తీసేది ఆ మెయిలే. మేం చెప్పాం, మీరే పట్టించుకోలేదు అంటాడు. నాకు కోర్టంటే భయం లేదు. నువ్వు ఆ కాగితం చేతిలో పట్టుకుని చదవడం, అదొక్కటే భయం. అందుకని కార్డు నాదే అన్నాను. నువ్వు నమ్ముతావని తెలుసు. నమ్మేలా ముప్ఫై ఏళ్ళు అలవాటు చేశాను.

సెప్టెంబరులో మార్క్వెట్‌నుంచి రాసినప్పుడు ఇంకా ఆరు రోజులుంది. చెప్దామనే కూర్చున్నాను. పోస్టువాడు రాలేదు. రాళ్ళు పెట్టి అంటించేశాను.

క్షమించమని అడగట్లేదు. అడిగితే అదీ ఒక వేషంలా ఉంటుంది.

డెల్మర్


అష్టబులా
డిసెంబరు 3

డెల్మర్,

చదివాను. షెడ్డులో కూర్చుని చదివాను. ఆ పదకొండు మెషీన్ల మధ్య ఒక స్టూలుంది, దానిమీద.

నువ్వు బల్ల ఎక్కి చదివినప్పుడు ‘ప్రియమైన’ అనే మాట దగ్గర నవ్వారా, మా పేర్ల దగ్గర నవ్వారా అని రెండు వారాలుగా ఆలోచిస్తున్నా. నువ్వు జవాబు చెప్పక్కర్లేదు.

లాయరమ్మకి మళ్ళీ ఫోను చేశాను. గడువు దాటినా సరే, సరైన కారణం చూపిస్తే గుంపులోంచి వదలమని జడ్జిని అడగొచ్చట. ఫిబ్రవరిలో క్లీవ్‌లాండ్‌లో విచారణుంది, అక్కడ అడగాలి. కార్డు అబద్ధమని నువ్వు నాతో అన్నట్టు రాసి, అందులో తప్పుంటే శిక్షకి ఒప్పుకుంటానని సంతకం పెట్టి పంపాలి. ఎందుకన్నావో రాయక్కర్లేదు, అన్నావని రాస్తే చాలు అందావిడ. ఎందుకో రాస్తే బయటికొచ్చి కూడా లాభం ఉండదట.

ఆవిడ మంచిదే, నా మేలు కోరే చెప్పింది. నువ్వు మాత్రం మొత్తం రాయి. మెయిలు, బల్ల, వంటింట్లో బావ అడిగింది, అన్నీ. వాళ్ళని నిజం చెప్పమని అడగడానికి సగం నిజం పట్టుకుని వెళ్ళలేను. మీ బావ మెషీను విప్పితే ఏది అరిగిందో అది చూపించి చెప్పేవాడు, తను విరగ్గొట్టినా సరే.

విచారణకి రాకు. జనవరిలో ఇక్కడికీ రాకు. ఓడ ఎక్కడ కడతారో అక్కడే ఉండు.

ఒలీటా


సుపీరియర్, విస్కాన్సిన్
2018 డిసెంబరు 14

గౌరవనీయులైన జడ్జి గారికి,

నా పేరు డెల్మర్ టాకెట్. వయసు యాభై మూడు. ఓడలో వంట చేస్తాను. పదో తరగతి దాకా చదివాను, కోర్టుకి ఎప్పుడూ రాయలేదు, తప్పులుంటే మన్నించాలి.

ఒలీటా స్టకీ నాకు అక్క. కోర్టువారు పంపిన కార్డు నిజమైనదా అని ఆమె నన్ను అడిగింది. అది నేను అచ్చు వేయించిన అబద్ధపు కార్డని చెప్పి కాల్చెయ్యమన్నాను. అది అబద్ధం. ఆమె అంతకుముందు నేను రాసిన దొంగ నోటీసులు చాలా చూసింది కాబట్టి నమ్మింది. ఆమె తప్పు ఏమీ లేదు. ఎవరైనా నమ్ముతారు, నేను బాగా చేస్తాను.

అలా ఎందుకు చెప్పానంటే, ఫారం పోయిందని కంపెనీ 2016 మే నెలలో నాకు మెయిలు పంపింది. దాన్ని మోసమనుకుని తుడిచేశాను. ఆమెకి చెప్పలేదు. సంగతి తెలిశాక కూడా చెప్పలేదు. మా బావ వెండెల్ స్టకీ నన్ను నేరుగా అడిగాడు, అప్పుడూ చెప్పలేదు. ఆయన 2018 మార్చి 9న చనిపోయాడు. ఆయన గడ్డి కోసే మెషీన్లు బాగుచేసేవాడు, అదే మళ్ళీ చెడితే ఎవరి దగ్గరా రెండోసారి డబ్బు తీసుకునేవాడు కాదు. ఇది కోర్టుకి అవసరమో కాదో తెలీదు, రాయాలనిపించింది.

మా అక్కని ఆ గుంపులోంచి వదిలెయ్యమని వేడుకుంటున్నాను. నన్ను గుంపులో ఉంచినా ఫరవాలేదు.

ఇందులో అబద్ధముంటే శిక్షకి ఒప్పుకుంటున్నాను.

డెల్మర్ టాకెట్


అష్టబులా
2019 మార్చి 11

డెల్మర్,

నీ ఓడ టొలీడోలో కట్టారని, నువ్వే కాపలాగా ఉన్నావని అయోనీ రేవులో ఎవరో అంటే విని చెప్పింది. ఆ అడ్రసుకే రాస్తున్నా.

విచారణ సంగతి తెలుసుకోవడం నీకు న్యాయమే. నీలం గౌను వేసుకుని వెళ్ళాను. పెద్ద గది, మూడు వరసల లాయర్లు, వాళ్ళ వెనక ఎవరూ లేరు. నాలుగు లక్షల మంది గుంపని చెప్పారు, వచ్చింది నేనూ ఇంకొక ముసలాయనా. ఆయన బయట చలికి, లోపల వెచ్చగా ఉంటుందని వచ్చి కూర్చున్నాడు.

జడ్జి నీ ఉత్తరం తనలో తనే చదువుకుంది. నెమ్మదిగా చదివింది. ఒకచోట వెనక్కెళ్ళి మళ్ళీ చదివింది. ఏమైనా చెబుతారా అని నన్నడిగింది. అద్దం ముందు నేర్చుకున్నదేదీ రాలేదు. ‘మా ఆయన పేరు వెండెల్ స్టకీ’ అన్నాను. మాటలు టైపు చేసే అమ్మాయి ఆ పేరు మళ్ళీ ఒకసారి చెప్పమంది. చెప్పాను. కంపెనీ లాయరు తల దించుకుని ఏదో రాసుకున్నాడు. అది మీ బావ పేరో కాదో కనిపించలేదు.

జడ్జి నన్ను గుంపులోంచి వదిలేసింది. బయట వరండాలో లాయరమ్మ నా చెయ్యి పట్టుకుని, ఆ మెయిలు ఉండగా ఈ కేసు ఎవరూ ముట్టుకోరమ్మా అంది. నిజమే. తర్వాత ముగ్గురిని అడిగాను. ఇద్దరు చదివి తిప్పి పంపారు, ఒకడు ఫోను కూడా ఎత్తలేదు. కంపెనీ దగ్గర ఆ మెయిలు ఎప్పుడో అచ్చు వేసి ఉందట, నువ్వు దాచినా దాగేది కాదు. అయోనీకి పోయిన వారం ముప్ఫై ఒక్క డాలర్లు వచ్చాయి. వాటితో కోడిపిల్లలు కొంది. నాకు రావు, నేను గుంపులో లేను కదా. వెళ్ళి అడగడానికి నాకిప్పుడు హక్కుంది, నా తరఫున అడిగే లాయరు లేడు.

నీ మీద కోపం ఉందా అంటే, ఉంది. పొద్దున్నే లేవగానే ఉంటుంది, పనిలో పడితే కాస్త తగ్గుతుంది. ఎప్పటికి పోతుందో తెలీదు. నేను రాసేదాకా నువ్వు రాయకు.

ఈ ఏడాది టాక్సు నేనే చేశాను. లైబ్రరీలో కాగితం ఫారాలు ఇంకా ఇస్తున్నారు. పెన్సిలుతో నింపి, సరిచూసుకుని, పైన పెన్నుతో దిద్దాను. నాలుగు రోజులు పట్టింది. ఫారం మొదట్లోనే అడుగుతుంది, ఒంటరివారా, దంపతులా అని. ఒంటరి అని పెట్టబోతే లైబ్రరీ అమ్మాయి ఆపింది. మనిషి పోయిన సంవత్సరానికి కూడా దంపతులుగానే రాయాలట. రూలు అది. రెండు పేర్లూ రాశాను. ఆయన సంతకం ఉండాల్సిన గీత మీద ఏం రాయాలో ఫారంతో ఇచ్చిన పుస్తకంలో ఉంది, అలాగే రాశాను. పక్క గీత మీద నా సంతకం పెట్టాను.

వచ్చే ఏడాదినుంచి ఒక్క పేరే. ఈ ఒక్క కాగితం మీద మాత్రం ప్రభుత్వం మమ్మల్ని ఇంకా మొగుడూ పెళ్ళాలుగానే లెక్కేసింది.

కవరు మీద స్టాంపు కూడా అంటించాను. రోజూ పోస్టుపెట్టె దాకా తీసుకెళ్తున్నాను, మళ్ళీ ఇంటికి తెచ్చుకుంటున్నాను. ఏప్రిల్ పదిహేను దాకా గడువుంది.

ఒలీటా